డివైడ్ టాక్ వచ్చిన వీడియో గేమ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరుల నుంచి కోనసీమకు వచ్చే కుర్రవాళ్లు కన్సోలో ల్యాప్‌టాపో వెంట తెచ్చుకుంటారు. పండుగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర గడిచిపోతాయి. ముక్కనుమ నాటికి గేమ్‌ల మాట మొదలవుతుంది. అమలాపురంలో ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపినవాణ్ణి కాబట్టి ఆ మాట చివరికి నా దగ్గరికే వస్తుంది. అందరూ మెచ్చిన గేమ్ గురించి ఎవరూ అడగరు, చెత్త అని తేలిపోయినదాని గురించీ అడగరు. సందేహాలన్నీ మధ్యలో చిక్కుకున్నవాటి మీదే, అవీ ఏటా దాదాపు ఒకే మాటల్లో వస్తాయి. అందుకే జవాబులను ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## మార్కులు చదివేటప్పుడు

మెటాక్రిటిక్‌లో పసుపు రంగు పడిందంటే గేమ్ బాగోలేదనేనా?

కాదు. మెటాక్రిటిక్ 2001 నుంచి వేర్వేరు పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన మార్కులను వందకు మార్చి, కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ ప్రాధాన్యం ఇస్తూ సగటు కడుతోంది. ఎవరికి ఎంత ప్రాధాన్యమో మాత్రం బయటపెట్టదు. గేమ్‌లలో 75, ఆపైన వస్తే ఆకుపచ్చ, 50 నుంచి 74 వరకు పసుపు, అంతకు లోపు ఎరుపు. పసుపు పక్కన ఆ సైటు వాడే మాటకు అర్థం ‘మిశ్రమం లేదా సగటు’ అని. చిక్కంతా ఆ ‘లేదా’లోనే ఉంది. అందరూ ఫర్వాలేదన్న గేమూ, సగం మంది నెత్తిన పెట్టుకుంటే మిగతా సగం విసిరికొట్టిన గేమూ ఒకే రంగులో కనిపిస్తాయి. రంగు చూసి ఆగిపోకుండా, కింద ఉన్న సమీక్షల మార్కులు దగ్గరదగ్గరగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నది చూడాలి.

డెబ్భై అంటే ఫస్ట్ క్లాసే కదండి, మరి గేమ్‌కు డెబ్భై వస్తే పెదవి విరుస్తారేం?

గేమ్ సమీక్షల కొలబద్ద మొదటినుంచీ పైభాగంలోనే నడుస్తోంది. పదికి ఏడు అంటే ‘ఓ మోస్తరు’ అని రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ అలవాటైపోయింది. మన సినిమా సైట్లలో అయిదుకు 2.75కీ 3.25కీ మధ్యనే జనం హిట్టూ ఫ్లాపూ చదువుకున్నట్టుగా ఇక్కడ కూడా 65కీ 85కీ మధ్యనే కథంతా జరుగుతుంది. దీనికి ఒక కారణం ఎంపిక: రెండున్నర గంటల సినిమా చూసినంత తేలికగా నలభై గంటల గేమ్‌ను ముగించలేరు కాబట్టి, సైట్లు జనం ఎదురుచూసే గేమ్‌లనే సమీక్షకు తీసుకుంటాయి, నిజంగా నాసిరకమైనవి చాలావరకు సమీక్ష దాకానే రావు. మెటాక్రిటిక్ కూడా సినిమాకు 61 వస్తేనే ఆకుపచ్చ వేసి, గేమ్‌కు 75 దాకా వేయకుండా ఈ అలవాటును ఒప్పుకున్నట్టే.

మిక్స్‌డ్ టాక్ అంటే యావరేజ్ గేమ్ అనే కదా?

ఎక్కువసార్లు కాదు. కళ్లంలో ధాన్యం రాశికి తేమ కొలిచే మెషీన్ పెట్టినప్పుడు, ఎండ తగిలిన పైపొరలో 14 శాతం, అడుగున 20 శాతం వచ్చిందనుకుందాం. రెండూ కలిపి 17 అని రాసుకుంటే కొనుగోలు నిబంధనకు సరిపోతుంది గాని, ఆ రాశిలో సరిగ్గా 17 శాతం తేమ ఉన్న గింజలు చారెడు కూడా దొరకవు. సగటు మార్కు కూడా అలాంటిదే.

దీనికి ‘డెడ్లీ ప్రిమనిషన్’ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. అమెరికా పల్లెలో జరిగిన హత్యను ఒక డిటెక్టివ్ విచారించే ఈ జపాన్ గేమ్ 2010లో అమెరికాలో విడుదలైంది. ఐజీఎన్ అనే సమీక్షల సైటు పదికి 2 ఇచ్చింది. డిస్ట్రక్టాయిడ్ అనే మరో సైటు పదికి 10 ఇచ్చింది. భయానక గేమ్‌లలో విమర్శకులను ఇంతగా చీల్చినది మరొకటి లేదని గిన్నిస్ రికార్డు కూడా దీనికి దక్కింది. విచిత్రం ఏమిటంటే, ఆ రెండు సమీక్షలూ చూసింది ఒకే గేమ్‌ను. బొమ్మలు పాతకాలపువనీ, కారు నడపడం, కాల్పులు మొరటుగా ఉన్నాయనీ అంటే, మెచ్చుకున్నవాళ్లు కూడా కాదనలేదు. ఊళ్లో ప్రతి మనిషికీ తనదైన దినచర్య ఉండటం, కథానాయకుడు తనలో తాను మాట్లాడుకునే తీరు తమను కట్టిపడేశాయని చెప్పి, ఆ లోపాలను పక్కన పెట్టారు. దీనికి ‘యావరేజ్’ అన్న పేరు అసలు అతకదు. ఇలాంటి గేమ్ విషయంలో మనం తేల్చుకోవలసింది, ఆ మొరటుతనాన్ని భరించే ఓపిక మనకు ఉందా లేదా అన్నదే. పులస తినేవాడు ముళ్లు లేవని తినడు.

ఒకే గేమ్‌కు మెటాక్రిటిక్‌లో ఒక అంకె, ఓపెన్‌క్రిటిక్‌లో మరో అంకె ఎందుకు?

2015లో మొదలైన ఓపెన్‌క్రిటిక్ ఎవరికీ ప్రత్యేక ప్రాధాన్యం ఇవ్వకుండా మామూలు సగటు కడుతుంది. మెటాక్రిటిక్ కొందరికి ఎక్కువ విలువ ఇస్తుంది, పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకు విడివిడిగా లెక్క చూపిస్తుంది. రెండు మూడు మార్కుల తేడాకు బుర్ర బద్దలుకొట్టుకోనక్కరలేదు.

## విడుదల రోజుల్లో

సమీక్షలు అదరగొట్టాయని కొన్నాను, మా ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో మాత్రం ఆడలేకపోయాను. సమీక్షకులు అబద్ధం చెప్పారా?

వాళ్లు చూసిన గేమ్ వేరు, మీరు కొన్న గేమ్ వేరు అయి ఉండవచ్చు. 2020 డిసెంబరు 10న వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ ఇందుకు పెద్ద పాఠం. విడుదలకు ముందు సమీక్షకులకు పీసీ కాపీలే అందాయి. వాళ్లు తాము ఆడుతూ రికార్డు చేసిన వీడియోలు చూపించడానికి కూడా అనుమతి లేదు, కంపెనీ ఇచ్చిన దృశ్యాలనే వాడవలసి వచ్చింది. పీసీ వెర్షన్‌కు మెటాక్రిటిక్‌లో 86 వచ్చింది. విడుదలయ్యాక పీఎస్4 వెర్షన్‌ను చేతికి తీసుకున్నవాళ్లకు ముఖాలు ఏర్పడకుండా మిగిలిపోయే మనుషులు, మధ్యలో ఆగిపోయే గేమ్ ఎదురయ్యాయి. ఆ వెర్షన్ 57 దగ్గర నిలిచింది. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న.

అందువల్ల విడుదలకు ముందు వచ్చే సమీక్షలో మార్కుకన్నా ముందు, ఏ మెషీన్ మీద ఆడి రాశారన్న వాక్యాన్ని వెతకండి. మీ దగ్గరున్న మెషీన్ పేరు అందులో లేకపోతే ఆ సమీక్ష మీ కోసం రాసింది కాదు. ప్రీ-ఆర్డర్ విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినమైనది: డౌన్‌లోడ్ చేసుకునే సరుకు అయిపోయేది కాదు కాబట్టి ముందే డబ్బు కట్టడానికి కారణమే లేదు.

కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని మార్కులు వేస్తారట, నిజమేనా?

మార్కుకు ఇంత అని ఎవరూ చేతులు మార్చుకోనక్కరలేదు. ఒత్తిడి వచ్చే దారులు వేరు. సమీక్ష కాపీని ఉచితంగా పంపేది కంపెనీయే, ఏ గంట దాకా నోరు విప్పకూడదో ఒప్పందం రాయించుకునేదీ కంపెనీయే, ఆ సైటులో ప్రకటనలు వేసేదీ తరచుగా అదే కంపెనీ. 2007లో గేమ్‌స్పాట్ సైటులో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే సమీక్షకుడు ‘కేన్ అండ్ లించ్’ గేమ్‌కు పదికి 6 ఇచ్చినప్పుడు ఆ సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలే ఉన్నాయి, కొద్దిరోజుల్లోనే ఆయన ఉద్యోగం పోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని 2012లో ఆయనే బహిరంగంగా వివరించారు. అయితే ఆ ఉదంతాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి: ఒత్తిడి ఉన్నా ఆయన 6 ఇచ్చారు. నేనైతే ఒకే సమీక్షకుడు రాసిన పాత సమీక్షలు మూడు నాలుగు, అందులోనూ నేను ఆడిన గేమ్‌లవి చదివి, ఆయన అభిరుచి నాకు ఎంత దగ్గరో చూసుకుంటాను.

విమర్శకులు 93 ఇచ్చారు, జనం పదికి నాలుగు కూడా ఇవ్వలేదు. ఎవరి మాట పట్టుకోవాలి?

జనం మార్కు ఎప్పుడు పడిందో చూడండి. ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ 2020 జూన్ 19న విడుదలైన కొద్ది గంటల్లోనే మెటాక్రిటిక్‌లో సున్నాలు వేలకొద్దీ పడ్డాయి. పాతిక గంటలు పట్టే గేమ్‌ను అంతలో ఎవరూ పూర్తిచేయలేరు. ఆ తర్వాతనే ఆ సైటు విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది.

అయితే ఇలాంటి మూకుమ్మడి నిరసన అంతా దురుద్దేశమే అనుకోవడం కూడా పొరపాటు. 2024 మే నెలలో ‘హెల్‌డైవర్స్ 2’ను పీసీలో ఆడేవాళ్లందరూ ప్లేస్టేషన్ ఖాతా తప్పనిసరిగా తెరవాలని సోనీ ప్రకటించగానే, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు వచ్చిపడ్డాయి, రెండు మూడు రోజుల్లో ఆ నిర్ణయం వెనక్కి పోయింది. ఆ సమీక్షలు గేమ్ నాణ్యత గురించి ఏమీ చెప్పలేదు, కంపెనీ తీరు గురించి చాలా చెప్పాయి. మనకు కావలసింది ఏ సమాచారమో తెలిస్తే రెండూ పనికొస్తాయి.

## కొనాలా వద్దా అని ఆలోచించేటప్పుడు

స్టీమ్‌లో ‘మిక్స్‌డ్’ అని ఉంటే ఎంత మార్కు వచ్చినట్టు?

స్టీమ్‌లో మార్కులు లేవు, బొటనవేలు పైకో కిందికో మాత్రమే ఉంటుంది. పైకి చూపినవాళ్లు 40 నుంచి 69 శాతం ఉంటే ‘మిక్స్‌డ్’ అని రాస్తారు. వందమందీ ‘ఏదో, కాలక్షేపానికి బాగానే ఉంది’ అని వేలు పైకెత్తితే నూటికి నూరు వస్తుంది; అరవైమంది ప్రాణం పెట్టి, నలభైమంది మండిపడితే 60 వస్తుంది. ఆ 60 వచ్చిన గేమ్‌లోనే మీకు నచ్చేది దొరకవచ్చు. మొత్తం లెక్క పక్కనే గత 30 రోజుల లెక్క వేరుగా ఉంటుంది. రెండింటికీ మధ్య పెద్ద తేడా కనిపిస్తే ఇటీవల ఏదో అప్‌డేట్ గేమ్‌ను బాగుచేసిందో చెడగొట్టిందో తెలుసుకోవాలి. ప్రతి సమీక్ష మీదా ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది. అరగంట ఆడి తిట్టినవాడిని, వెయ్యి గంటలు ఆడి ‘కొనకండి’ అన్నవాడిని ఒకే త్రాసులో వేయలేం. రెండోవాడి మాట మాత్రం నేను తప్పకుండా చదువుతాను.

‘డేస్ గాన్’కు 71 వచ్చింది. రోజూ రాత్రి గంటసేపు ఆడేవాడికి పనికొస్తుందా?

మీలాంటివారికే ఎక్కువ పనికొస్తుంది. 2019 ఏప్రిల్‌లో పీఎస్4 మీద ఇది వచ్చినప్పుడు విమర్శకుల ప్రధానమైన ఫిర్యాదు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తుందనీ, కథను మరీ సాగదీస్తుందనీ. ఆ ఫిర్యాదు నిజమే. కాని గడువు తరుముతుంటే ముప్పై నలభై గంటల గేమ్‌ను వారం రోజుల్లో మింగవలసిన సమీక్షకుడికి విసుగు పుట్టించే పునరుక్తి, పొలం పనులో షాపు పనో చూసుకుని వచ్చి రాత్రి గంటసేపు మోటార్‌సైకిల్ మీద అడవిదారి పట్టేవాడికి అంతగా తగలదు. జాంబీల్లాంటి జీవులు వందలకొద్దీ ఒక్కసారిగా మీదపడే గుంపుల నుంచి పారిపోయే ఘట్టాలను మాత్రం తిట్టినవాళ్లలో కూడా చాలామంది మెచ్చారు. సాంకేతిక తప్పుల్లో చాలావాటిని తర్వాత సరిచేశారు. 2021లో వచ్చిన పీసీ వెర్షన్‌కు మార్కులు కాస్త పెరిగాయి.

మాది పాత సిస్టమ్, వానాకాలం కరెంటు పోతుంటుంది, నెట్ కూడా అంతంతమాత్రమే. సమీక్షలో ఏమి వెతకాలి?

నాలుగు విషయాలు. గేమ్ ఎక్కడపడితే అక్కడ సేవ్ అవుతుందా, కొన్ని చోట్లే అవుతుందా? ఒక్కడే ఆడుకునే భాగానికి కూడా నెట్ తప్పనిసరా? మొదటి రోజు డౌన్‌లోడ్ చేయవలసిన అప్‌డేట్ పరిమాణం ఎంత? తక్కువ గ్రాఫిక్స్‌లో పెట్టినప్పుడు సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయి? విదేశీ సమీక్షల్లో ఈ సంగతులు ఒక మూల, ఒక్క వాక్యంలో ఉంటాయి, ఎందుకంటే అక్కడివాళ్లను అవి బాధించవు. జూలై ఆగస్టుల్లో వాయుగుండం పట్టినప్పుడు సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉండేవారికి మాత్రం కథ కన్నా అవే ముఖ్యం.

ప్లే స్టోర్‌లో 4.3 ఉంది, కింద కామెంట్లన్నీ తిట్లే. ఏది నిజం?

చాలా మొబైల్ గేమ్‌లు మనం గెలిచిన క్షణంలోనే చుక్కలు వేయమని అడుగుతాయి. సంతోషంలో అయిదూ నొక్కేస్తాం. వ్యాసం రాసే ఓపిక కోపం వచ్చినవాడికే ఉంటుంది. 2021 నవంబరు నుంచి ఫోన్లలో మన దేశంలో పడ్డ చుక్కల లెక్కనే చూపిస్తున్నారు కాబట్టి, ఆ అంకె మునుపటికన్నా మనకు దగ్గరైంది. డబ్బు పెట్టకుండా ఎంతదూరం వెళ్లగలమన్నది చుక్కల్లో తెలియదు, తిట్లలో తెలుస్తుంది.

## ఆడటం మొదలుపెట్టాక

కొన్నాక నచ్చలేదు. డబ్బు తిరిగి వస్తుందా?

స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటల లోపు ఉంటే వాపసు అడగవచ్చు. మిశ్రమ స్పందన వచ్చిన గేమ్‌లకు ఈ రెండు గంటల లెక్క కొంచెం అన్యాయమే, వాటిలో చాలావాటికి మొదలే బలహీనంగా ఉంటుంది. నేను మొదటి గంట కథను పక్కన పెట్టి, గ్రాఫిక్స్ సరిచూసుకోవడానికి, మెషీన్ వేడెక్కుతోందా అని చూడటానికి వాడతాను. డిస్క్ అయితే దుకాణం దయ. రాజమండ్రిలో ఒకచోట సీలు తీసిన మర్నాడే డిస్క్ వెనక్కి తీసుకెళితే, యజమాని దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి, సగం ధరకు పాత డిస్క్‌గా కొంటానన్నాడు.

సమీక్షల్లో లోపాలు ఏకరువు పెట్టిన గేమ్ నాకు ప్రాణం. నా అభిరుచి మంచిది కాదా?

మా నెట్ సెంటర్‌కు వచ్చిన తరం మొత్తానికి ఈ ప్రశ్న వర్తిస్తుంది. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ 2000 చివరిలో విడుదల చేసిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ మీద అప్పటి సమీక్షలు మిశ్రమంగానే వచ్చాయి. తుపాకుల శబ్దాలనూ, కొండల మధ్య విశాలమైన సైనిక స్థావరాలనూ మెచ్చారు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేకపోవడాన్ని, శత్రువుల మందబుద్ధిని, పదిమంది కలిసి ఆడే మల్టీప్లేయర్ లేకపోవడాన్ని తప్పుపట్టారు. ఆ తప్పులన్నీ నిజమైనవే. 2003లో వచ్చిన రెండో భాగంలో మల్టీప్లేయర్‌ను, పరిమితంగా సేవ్‌ను చేర్చారంటే తయారుచేసినవాళ్లూ ఒప్పుకున్నట్టే.

అయినా ఆ లోపాలు మా సెంటర్‌లో మరోలా పనిచేశాయి. సేవ్ లేదు కాబట్టి ఒకడు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవారు. చివరి గేటు దగ్గర చచ్చిపోతే కుర్చీ మరొకడికి దక్కేది. కరెంటు పోయినప్పుడు మాత్రం గంట డబ్బు ఎవరు కట్టాలన్న దాని మీద నాతో పెద్ద తగవు. మల్టీప్లేయర్ లేని గేమ్‌ను అయిదుగురు కలిసి ఆడిన సంగతి సమీక్షకుడికి తెలిసే అవకాశం లేదు. ఆయన రాసింది తప్పు కాదు, మీ ఇష్టమూ తప్పు కాదు. ఆయన ఒంటరిగా గదిలో కూర్చుని ఆడాడు.

## ఏళ్లు గడిచాక

‘నో మ్యాన్స్ స్కై’ పూర్తిగా మారిపోయిందంటున్నారు. మరి పాత మార్కు అలాగే ఉందేం?

మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదటిసారి ఇచ్చిన మార్కునే లెక్కలోకి తీసుకుంటుంది; తర్వాత మార్చినా సగటు కదలదు. 2016 ఆగస్టులో విడుదలైనప్పుడు ఈ గేమ్‌కు పీఎస్4లో 71, పీసీలో 61 వచ్చాయి. లెక్కకందనన్ని గ్రహాలున్నా చేయడానికి పని తక్కువనీ, ఉంటుందనుకున్న మల్టీప్లేయర్ లేదనీ కోపం. హలో గేమ్స్ అనే ఆ చిన్న సంస్థ ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయింది. 2018 జూలైలో నలుగురు కలిసి ఆడటానికి వీలైంది. 2024 చివరికి స్టీమ్‌లో మొత్తం సమీక్షల లెక్క కూడా బాగా సానుకూలం వైపు చేరింది. కాబట్టి ఆ 71 అబద్ధం కాదు, ఆ ఆగస్టుకు నిజం. పాత గేమ్‌ను డిస్కౌంట్‌లో కొనేటప్పుడు గత ఆరు నెలల్లో రాసిన అభిప్రాయాలే చదవండి. అన్నట్టు, అన్ని గేమ్‌లూ ఇలా కోలుకోవు. 2019లో వచ్చిన ‘ఆంథెమ్’ను బాగుచేసే ప్రయత్నాన్ని 2021లో మధ్యలోనే ఆపేశారు.

చిన్నప్పుడు వైస్ సిటీ ఆడాం. కొత్త వెర్షన్‌ను అంతలా తిట్టారు, కొనొచ్చా?

వైస్ సిటీతో సహా మూడు పాత జీటీఏ గేమ్‌లను కలిపి 2021 నవంబరు 11న విడుదల చేసిన ‘డెఫినిటివ్ ఎడిషన్’లో తెల్ల గీతల్లా పడే వాన దారినే కప్పేసింది, మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారయ్యాయి, గోడల మీది బోర్డుల్లో అక్షరదోషాలు దొర్లాయి. వారం దాటగానే రాక్‌స్టార్ కంపెనీ క్షమాపణ చెప్పింది. 2003లో పీసీకి వచ్చిన అసలు గేమ్ 90కి పైగా తెచ్చుకుంటే, ఇది 60 లోపే ఆగింది. 2024 నవంబరు అప్‌డేట్ పాత వెలుతురును తిరిగి తెచ్చి చాలా సరిచేసింది. ఇప్పుడు డిస్కౌంట్‌లో దొరికితే ఆడుకోదగినదే. నెట్ సెంటర్ నాటి జ్ఞాపకం కోసమైతే, ఆ కుర్చీ, ఆ గోల ఇందులో రావు.

‘రాజీ’ మన దేశంలో తయారైన గేమ్. విమర్శకులు పెదవి విరిచారని మనం కూడా వదిలేయాలా?

వదిలేయనక్కరలేదు, దేశాభిమానంతో కళ్లు మూసుకోనూ అక్కరలేదు. పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2017లో ప్రజల నుంచి విరాళాలు సేకరించబోయి విఫలమై, ఎలాగో నిలదొక్కుకుని 2020లో దీన్ని విడుదల చేసింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన అసురుల మీదకు ఒక అమ్మాయి త్రిశూలంతో వెళ్లే కథను దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ చెబుతారు. ముఖ్య ఘట్టాలను తోలుబొమ్మలాటలా చూపిస్తారు. కాకినాడ దగ్గర మాధవపట్నం బొమ్మలాట చూసినవారు ఆ నీడలను చూడగానే పోల్చుకుంటారు. విమర్శకులు ఈ చిత్రకళను మనసారా మెచ్చారు. పోరాటం బరువుగా, ఆలస్యంగా స్పందిస్తుందనీ, అయిదారు గంటల్లో కథ మధ్యలో తెగినట్టు ముగుస్తుందనీ అన్నారు. ఆ రెండు లోపాలూ నాకు కూడా తగిలాయి. అంత పొట్టి గేమ్ కాబట్టి పోరాటపు మొరటుతనాన్ని భరించగలిగాను. ముగింపును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

నేనే తెలుగులో సమీక్షలు రాద్దామనుకుంటున్నాను. మార్కులు వేయాలా?

మార్కు వేస్తే మిగతాది చదవరు, వేయకపోతే అసలు రారు; పెద్ద సైట్లే దీని మీద ఊగిసలాడాయి. యూరోగేమర్ 2015లో మార్కులు మానేసి, 2023లో నక్షత్రాలతో మళ్లీ మొదలుపెట్టింది. అంకె వల్ల జరిగే నష్టం చదివేవాడికే పరిమితం కాదు: ‘ఫాల్అవుట్: న్యూ వెగాస్’ తయారుచేసిన అబ్సీడియన్‌కు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. పాత గేమ్‌లకు మార్కు లేకుండా రాయడం, కొత్తవాటికి ‘ఇప్పుడే కొనండి, తగ్గాక కొనండి, వద్దు’ అని మూడింటిలో ఒకటి చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఏ మెషీన్ మీద, ఏ తేదీన, ఏ వెర్షన్ ఆడారో, ఎన్ని గంటలు ఆడారో, పూర్తి చేశారో లేదో మొదటి పేరాలోనే రాయండి. పూర్తి చేయకపోతే ఎక్కడ ఆపేశారో కూడా రాయండి.